అద్దె ఇల్లు ఎంత అప్పు మోస్తుంది?

(మూడవ సంవత్సరం బి.యస్సీ., గణిత – భౌతిక – రసాయన శాస్త్రాలు)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన రోజుల్లో ఇల్లు కట్టుకునేది తాము కాపురం వుండటానికి. ఈ రోజుల్లో చాలామంది ఇల్లు కొనేది మరొకళ్ళు కాపురం వుండటానికి, తాము నెలనెలా అద్దె తీసుకోవటానికి. పట్నాల్లో ఉద్యోగస్తులకే కాదు, మా పల్లెల్లో రైతులకు కూడా ఈ ఆలోచన బాగా పట్టుకుంది. "ఎకరం అమ్మితే ఏముంది, హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుని కాలుమీద కాలు వేసుకు కూర్చోవచ్చు" అనే మాట రచ్చబండ దగ్గర తరచు వినిపిస్తోంది.

బి.యస్సీ. చదివే కుర్రాడికి ఇళ్ళ బేరాలతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని వుంది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. వ్యవసాయ కుటుంబం. మా అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మధ్య మా మావయ్య ఒక సలహా తెచ్చాడు: "బావా, అర ఎకరం అమ్మితే పదిహేను లక్షలు వస్తాయి. మిగతాది అబ్బాయి జీతం మీద బ్యాంకువాళ్ళిస్తారు. యాభై లక్షల ఫ్లాటు కొందాం. అద్దె వచ్చి కిస్తీ దానంతటదే తీరిపోతుంది" అని. నాన్నగారు ఆ మాట విని నావైపు తిరిగి, "నువ్వు లెక్కలు చదువుతున్నావు గదరా, ఇదేదో లెక్కకట్టి చెప్పు" అన్నారు. ఆ విధంగా నేను చేసిన లెక్కే ఈ వ్యాసం. మన కాలేజీలో సగానికి పైగా పొలాల నుంచి వచ్చినవాళ్ళమే కాబట్టి ఇది మరికొందరికి పనికి వస్తుందని నా ఆశ.

కిస్తీ అంటే ఏమిటి?

మా తాతగారి కాలంలో కిస్తీ అంటే సర్కారుకు కట్టే భూమి శిస్తు వాయిదా. ఇప్పుడు కిస్తీ అంటే బ్యాంకువారి ఇ.ఎం.ఐ. ఇళ్ళకు అప్పిచ్చే సంస్థలు మన దేశంలో ఎక్కువగా పెరిగింది గత యాభై ఏళ్ళలోనే. 1970లో హడ్కో ఏర్పడింది. 1977లో హెచ్.టి. పరేఖ్ గారు హెచ్.డి.ఎఫ్.సి.ని స్థాపించారు. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చింది. అంతకుముందు మధ్యతరగతివాడు ఇల్లు కట్టాలంటే ప్రావిడెంటు ఫండో, ఆడవాళ్ళ నగలో, చీటీ పాటో దిక్కు. ఇప్పుడు జీతం చీటీ చూపిస్తే బ్యాంకులే ఎదురొచ్చి అప్పిస్తున్నాయి. అప్పు దొరకటం తేలికయింది గనుక దాన్ని అర్థం చేసుకోవటం మరింత అవసరమయింది.

మన వూళ్ళల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకువారి ఎనిమిదిన్నర శాతాన్ని మన భాషలోకి మారిస్తే నూటికి నెలకు 71 పైసలు. వినటానికి ఎంతో చౌక. కాని అప్పు పెద్దదై, గడువు ఇరవై ఏళ్ళయినప్పుడు ఆ 71 పైసలు ఏం చేస్తాయో చూడండి.

కిస్తీ సూత్రం చాలా సులువు. ఈ నెల బాకీ = పోయిన నెల బాకీ + దానిమీద ఒక నెల వడ్డీ – కిస్తీ. ఈ పనిని 240 నెలలు వరసగా చేస్తే చివరకు బాకీ సున్నా కావాలి. అలా కావటానికి కిస్తీ ఎంత వుండాలన్నదే ప్రశ్న. ఇంటర్మీడియట్‌లో మనం చదువుకున్న గుణశ్రేఢి మొత్తం కట్టే సూత్రంతో అది తేలిపోతుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ళ గడువుకు లక్షకు సుమారు 868 రూపాయలు. నలభై లక్షలకు నెలకు 34,713 రూపాయలు.

మొదటి నెల కట్టిన ఈ 34,713లో వడ్డీకి పోయేది 28,333. అసలుకు జమ అయ్యేది 6,380 మాత్రమే. పదేళ్ళు పొల్లు పోకుండా కడితే మనం కట్టినది 41 లక్షల 65 వేలు. అప్పటికి ఇంకా మిగిలిన బాకీ 28 లక్షలు! అసలులో సగం తీరటానికే దాదాపు పద్నాలుగేళ్ళు పడుతుంది. ఇరవై ఏళ్ళలో కట్టే మొత్తం 83 లక్షల 31 వేలు. అంటే వడ్డీయే 43 లక్షలు దాటింది. ఇందులో బ్యాంకువారి మోసం ఏమీ లేదు. బాకీ ఎక్కువగా వున్న రోజుల్లో వడ్డీ ఎక్కువగా వుంటుంది, అంతే. తెలియకపోవటం మాత్రం మనదే తప్పవుతుంది.

అద్దె లెక్క

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. యాభై లక్షల ఫ్లాటుకు నెలకు 14,000 అద్దె వస్తుందనుకుందాం. అంటే ఏడాదికి లక్షా 68 వేలు. మావయ్య లెక్క ఇక్కడ ఆగిపోయింది. కాని రైతు అనేవాడు ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో చెప్పి వూరుకోడు గదా! దుక్కి, విత్తనం, ఎరువు, కోత కూలి తీసివేస్తేనే మిగిలిందెంతో చెబుతాడు. అద్దెకు కూడా అలాంటి ఖర్చులున్నాయి.

ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోగా సగటున ఏడాదికి ఒక నెల ఇల్లు ఖాళీగా వుందనుకుందాం: 14,000. మునిసిపాలిటీ ఇంటిపన్ను: 5,000. రంగులు, కుళాయిలు, బాత్‌రూము లీకేజీలు, ఎలక్ట్రికల్ పనులు అన్నీ కలిపి ఏడాదికి సగటున మరో 14,000. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు. మీ ఇంటి అంకెలు వేరుగా వుండవచ్చు, కాని ఏ అంకే సున్నా మాత్రం కాదు. ఇవి పోగా నికరంగా మిగిలేది లక్షా 35 వేలు, అంటే నెలకు 11,250 రూపాయలు.

ఇంటి ధర కూడా యాభై లక్షలతో ఆగదు. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థూలంగా ఏడున్నర శాతం. అంటే 3 లక్షల 75 వేలు. బీరువా చెక్కలు, ఫ్యాన్లు, గీజరు, మీటరు వగైరాలకు లక్షంపావు వేసుకుంటే మొత్తం 55 లక్షలు. కట్టడం పూర్తికాని ఫ్లాటయితే మామూలు ఇళ్ళకు 5 శాతం జి.ఎస్.టి. అదనం. 55 లక్షల మీద లక్షా 35 వేలు అంటే రెండున్నర శాతం కూడా కాదు. ఎనిమిదిన్నర శాతానికి అప్పు తెచ్చి రెండున్నర శాతం వచ్చేచోట పెడుతున్నామన్న మాట. "అద్దె వచ్చి కిస్తీ తీరుస్తుంది" అన్న మాట ఎంత నిజమో ఇక మీరే చెప్పండి. కిస్తీ 34,713, నికర అద్దె 11,250. నెలనెలా మా అన్నయ్య జేబులోంచి పోవలసినది 23,463. ఏడాదికి 2 లక్షల 81 వేల పైన.

ఇల్లు మోయగలిగిన బరువు

ఎద్దుల శక్తి చూసి బండిలో బరువు వేస్తాం. దారిలో కూలబడ్డాక బస్తాలు దించటం ఎవరికీ బాగుండదు. అలాగే ఇల్లు ఎంత అప్పు మోయగలదో ముందుగా చూడాలి. లెక్క ఒక్క భాగాహారమే. నెలకు మిగిలే నికర అద్దెను లక్షకు పడే కిస్తీతో భాగించాలి. 11,250ని 868తో భాగిస్తే వచ్చేది పదమూడు. అంటే ఈ ఫ్లాటు మోయగలిగిన అప్పు సుమారు పదమూడు లక్షలు. మిగతా ఇరవై ఏడు లక్షలనూ మోసేది ఇల్లు కాదు, మా అన్నయ్య.

మరి బ్యాంకు నలభై లక్షలు ఎందుకిస్తానంటుంది? రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అప్పయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చులు మనమే భరించాలి. బ్యాంకు చూసేది తన డబ్బు తిరిగి వస్తుందా లేదా అన్నది. అందుకు అన్నయ్య జీతం వుంది, ఇల్లు తాకట్టు వుంది. మా చెల్లి పెళ్ళి ఎలా జరుగుతుంది, పంట పోయిన ఏడు ఇంటికి అన్నయ్య డబ్బు పంపగలడా అన్నవి బ్యాంకువారి దరఖాస్తులో ప్రశ్నలు కావు. అవి మనం వేసుకోవలసిన ప్రశ్నలు. పైగా పొలం మీద రాబడి ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. కిస్తీ మాత్రం పన్నెండుసార్లు వస్తుంది.

కిస్తీ 90 రోజులకు మించి బాకీపడితే ఆ ఖాతా మొండిబాకీల్లో చేరుతుంది. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే చర్యలు మొదలుపెట్టవచ్చు. ఈ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, ఇంటికి వర్తిస్తుంది. పొలం అమ్మి ఫ్లాటు కొన్న రైతు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇదంతా చెబితే మా నాన్నగారు ఒక ప్రశ్న వేశారు. "సరేరా, పొలం మీద కౌలు మాత్రం ఎంతొస్తోంది? పొలం ధర మీద లెక్కేస్తే అదీ ఒకటి రెండు శాతమే గదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. కాని పొలం మనం అప్పుచేసి కొన్నది కాదు. దాని రాబడి తక్కువైనా ఏ బ్యాంకుకూ జవాబు చెప్పనక్కరలేదు. రెండోది, భూమి ముసలిది కాదు. కట్టడం అవుతుంది. ఫ్లాటులో ఏటేటా పాతబడేది సిమెంటూ ఇనుమూ. విలువ పెరిగేది దానికింద మన వాటాకు వచ్చిన నేల. అందుకే ఫ్లాటు కొనేవాళ్ళు రంగులూ టైల్సూ చూసేముందు, దస్తావేజులో మన పేరిట ఎన్ని గజాల అవిభాజ్య వాటా రాస్తున్నారో చూడాలి.

"అద్దె సంగతి పోనీయ్, ధర పెరుగుతుంది గదా" అన్నది మావయ్య చివరి బాణం. పెరగవచ్చు. ఎంత పెరగాలో అదీ లెక్క కట్టాను. ఏడేళ్ళ తరువాత అమ్మేటట్లయితే అప్పటికి బ్యాంకు బాకీ 32 లక్షల 71 వేలు. మనం పెట్టినది మొదట 15 లక్షలు, తరువాత నెలనెలా పోసినది 19 లక్షల 71 వేలు. అంటే 67 లక్షలకు పైన అమ్ముడుపోతేనే పెట్టిన డబ్బు పెట్టినట్టు చేతికొస్తుంది. అదే డబ్బు ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో డిపాజిట్ చేసివుంటే ఎంతయ్యేదో చూస్తే, ఇల్లు 80 లక్షలకు పైన అమ్ముడుపోవాలి. అంటే ఏడేళ్ళూ ఏటా 7 శాతం చొప్పున ధర పెరగాలి. (ఇందులో అద్దె పెరుగుదలా వేయలేదు, డిపాజిట్ మీద పడే పన్నూ వేయలేదు.) కొన్ని ప్రాంతాల్లో అంతకంటే ఎక్కువే పెరిగింది. కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి కదలలేదు. పెరుగుతుందని కొనటం వేరు, పెరగకపోయినా తట్టుకోగలమని కొనటం వేరు.

ఆదాయపు పన్ను మిగులుతుందని కూడా కొందరంటారు. అద్దె మీద పన్ను కట్టేటప్పుడు ఇంటిపన్ను తీసేసి, మిగతాదాంట్లో 30 శాతం మరమ్మతుల పేరిట మినహాయిస్తారు. అప్పు వడ్డీ కూడా తగ్గిస్తారు. ఆపైన మిగిలిన నష్టాన్ని పాత పద్ధతిలో ఏడాదికి రెండు లక్షల దాకా జీతంలో తగ్గించి చూపవచ్చు. కొత్త పద్ధతి ఎంచుకున్నవారికి ఆ వీలు లేదు. పన్ను మిగులు చూసి ఇల్లు కొనటం తోక చూసి గేదెను కొన్నట్లే.

వడ్డీ మారితే

గృహరుణాల్లో ఎక్కువ భాగం చర వడ్డీవి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఇలాంటి అప్పుల వడ్డీని రిజర్వు బ్యాంకు రెపో రేటు వంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలి. రెపో రేటు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎక్కింది. 2025లో మళ్ళీ తగ్గింది. ఎక్కినప్పుడు ఏం జరిగిందో ఒక లెక్కలో చూద్దాం.

2021లో ఒకాయన 6.75 శాతానికి నలభై లక్షలు ఇరవై ఏళ్ళకు తీసుకున్నాడనుకోండి. కిస్తీ 30,415. ఇరవై నెలలు కట్టాక బాకీ 38 లక్షల 33 వేలు. అప్పుడు వడ్డీ 9.25 అయింది. కిస్తీ మార్చకుండా గడువు మాత్రమే పొడిగిస్తే ఏమవుతుంది? నెల వడ్డీయే 29,546. అసలుకు జమ 869 రూపాయలు. ఆ లెక్కన అప్పు తీరటానికి ఇంకా 38 ఏళ్ళ పైన పడుతుంది! ఇంకొంచెం వడ్డీ పెరిగితే అసలు తీరనే తీరదు, బాకీ పెరుగుతూ పోతుంది. ఇలాంటి అవస్థలు చూసే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. వడ్డీ మారినప్పుడు కిస్తీ పెంచుకోవటమా, గడువు పొడిగించుకోవటమా, స్థిర వడ్డీకి మారటమా అన్నది అప్పుదారుకు చెప్పి ఎంచుకోనివ్వాలని, కిస్తీ నెల వడ్డీకి కూడా చాలని పరిస్థితి రానివ్వకూడదని అందులో వుంది. కాబట్టి బ్యాంకునుంచి వచ్చే కాగితాన్ని చదవకుండా అటకమీద పడెయ్యకూడదు.

ఇందులో రైతుకు కలిసివచ్చే సంగతి ఒకటుంది. చర వడ్డీ గృహరుణాన్ని గడువుకు ముందే తీర్చేవారిమీద జరిమానా వేయవద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. పంట బాగా వచ్చిన ఏడు అదనంగా కట్టవచ్చు. మన నలభై లక్షల ఉదాహరణలో మొదటి ఏడాది చివర ఒక లక్ష అదనంగా కడితే, చివర దాదాపు పద్నాలుగు నెలల కిస్తీలు తగ్గుతాయి. లక్షతో నాలుగు లక్షల 75 వేల పైన భారం దిగిపోతుంది. ఆ లక్షే పదిహేనో ఏట కడితే అంత ఫలితం వుండదు. నాట్లప్పుడు వేసిన ఎరువుకూ కోతలప్పుడు వేసిన ఎరువుకూ వున్న తేడా ఇదే.

కాగితాలు

లెక్క ఎంత బాగున్నా కాగితం సరిగా లేకపోతే అంతా నీళ్ళపాలే. మా పెదనాన్నగారు మూడేళ్ళ క్రితం ఎకరంన్నర అమ్మి, నగర శివారులో ఒక సంస్థవారి "ప్రీ లాంచ్" ఫ్లాటుకు డబ్బు మొత్తం ఒకేసారి కట్టారు. ధర సగమే అన్నారు. నేటికీ అక్కడ పునాది గోతులు, వాననీళ్ళు తప్ప ఏమీ లేవు. డబ్బు అడిగితే వాయిదా మీద వాయిదా. అంత పొలమున్న మనిషి ఇవాళ కౌలుకు చేస్తున్నారు.

2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం ఇలాంటివాళ్ళ కోసమే వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టే ప్రాజెక్టును ముందు రెరాలో నమోదు చేయించాలి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. రిజిష్టరు ఒప్పందం లేకుండా ధరలో పదోవంతుకు మించి తీసుకోకూడదు. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వుంచి ఆ కట్టడానికే వాడాలి. స్వాధీనం చేశాక అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కాబట్టి రెరా నంబరు లేని ఫ్లాటుకు "ధర సగమే" అని ఎవరైనా అంటే, మిగతా సగానికి ఏం తాకట్టు పెడుతున్నామో ఆలోచించాలి.

పాత ఇల్లయినా, స్థలమయినా కనీసం ముప్ఫై ఏళ్ళ ఇ.సి. తీయించాలి. లింకు దస్తావేజులు గొలుసులా తెగకుండా వున్నాయో లేదో లాయరుకు చూపించాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖవారి 22–ఏ నిషేధిత జాబితాలో వుందేమో చూడాలి. అసైన్డు భూమి, దేవాలయ భూమి, వక్ఫు భూమి అలాంటి జాబితాల్లో వుంటాయి. జి.పి.ఏ. కాగితంతో అమ్మకం జరిగినా దానివల్ల ఆస్తి హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఇక చెరువు శిఖం అంటే ఏమిటో రైతుబిడ్డకు చెప్పనక్కరలేదు. వానలు లేని ఏడు అక్కడ పైరు పెడతాం, ఇల్లు మాత్రం కట్టం. ఆ పాటి జ్ఞానం నగరంలో కరువైంది. 2024లో హైదరాబాదులో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువుల ఎఫ్.టి.ఎల్. హద్దుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు, కాగితాలన్నీ వున్నాయనుకున్నవాళ్ళు కూడా లబోదిబోమన్నారు. బ్యాంకు అప్పిచ్చింది గనుక ఆస్తి మంచిదే అనుకోవటం చాలదు.

అద్దెకిచ్చాక

ఇల్లు కొనటం విత్తటం లాంటిది. తరువాతి సేద్యం అంతా నిర్వహణ. ఈ విషయంలో నాకు అవతలి గట్టు అనుభవం వుంది. నేనూ మరో ముగ్గురు మిత్రులూ ఒక డాబా మీద గదిలో అద్దెకుంటున్నాం. వానాకాలమంతా స్లాబు కారుతుంది. చెప్పినప్పుడల్లా ఇంటాయన "చూద్దాం" అంటాడు. వేసవి సెలవులు రాగానే మేం ఖాళీ చేద్దామనుకుంటున్నాం. ఆయన మిగుల్చుకున్నది ఒక తాపీమేస్త్రీ నాలుగు రోజుల కూలి. పోగొట్టుకోబోయేది రెండు మూడు నెలల అద్దె. మంచి కిరాయిదారును నిలుపుకోవటం అద్దె పెంచటం కంటే లాభసాటి అని నాకు అర్థమయింది.

అద్దె ఒప్పందాలు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలు, లీజు పత్రాలు తప్పనిసరిగా రిజిష్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా వుండటానికే ఈ పదకొండు నెలల ఏర్పాటు. అయినా కాగితంలో అద్దె, అడ్వాన్సు, ఎన్నాళ్ళకు ఎంత పెంపు, ఖాళీ చేయటానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, మెయింటెనెన్సు, కరెంటు, నీళ్ళ బిల్లు ఎవరు కట్టాలి, ఏ మరమ్మతు ఎవరిది అన్నవి స్పష్టంగా రాసుకోవాలి. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. ఆ అడ్వాన్సు మన సొమ్ము కాదు, తిరిగి ఇవ్వవలసిన బాకీ. దాన్ని ఎరువుల కొట్టులో కట్టేస్తే ఆయన ఖాళీ చేసేరోజున వెతుక్కోవలసి వస్తుంది. అలాగే వచ్చే అద్దెలో పదోవంతు విడిగా దాచితే రంగులకూ మోటారుకూ అప్పు చేయనక్కరలేదు.

మరి ఏం చేయాలి?

ఇల్లు కొనవద్దని నేను చెప్పటం లేదు. ఆ ఇల్లే తన అప్పును మోసేటట్లు చూసుకోమంటున్నాను. మా ఇంట్లోనే మరో దారి కనిపించింది. మా అమ్మకు పసుపుకుంకుమ కింద వచ్చిన చిన్న డాబా తెనాలిలో వుంది. దానిమీద మరో అంతస్తు వేసి రెండు పోర్షన్లు కడితే పదిహేను లక్షలవుతుందని మేస్త్రీ చెప్పాడు. ఆ వీధిలో పోర్షనుకు 6,500 అద్దె నడుస్తోంది. రెండింటికీ ఏడాదికి లక్షా 56 వేలు. ఒక నెల ఖాళీకి 13,000, పన్నుకు 4,000, మరమ్మతులకు 15,000 తీసేస్తే మిగిలేది లక్షా 24 వేలు. అంటే పెట్టుబడి మీద ఎనిమిది శాతం పైన. పది లక్షలు పదిహేనేళ్ళకు ఎనిమిదిన్నర శాతానికి తీసుకుంటే కిస్తీ 9,847. నెలకు నికర అద్దె 10,333. ఇక్కడ బండి కదులుతుంది.

ఇంత తేడా ఎందుకొచ్చింది? మేడమీద కట్టినప్పుడు నేలకు డబ్బు పెట్టనక్కరలేదు, పెట్టిన ప్రతి రూపాయీ అద్దె తెచ్చే గదిగా మారుతుంది. నగరంలోని ఫ్లాటు ధరలో మాత్రం పెద్ద భాగం నేలకూ, రేపు పెరుగుతుందన్న ఆశకూ పోతుంది. ఆశకు ఎవరూ అద్దె కట్టరు. అయితే పాత పునాది, పిల్లర్లు పై అంతస్తు మోస్తాయో లేదో ఇంజనీరుకు చూపించాలి, మునిసిపాలిటీవారి ప్లాను మంజూరు తెచ్చుకోవాలి. కావలసిన అయిదు లక్షలు రెండేళ్ళ పంట మీద కూడబెట్టుకోవచ్చు. అర ఎకరం అర ఎకరంగానే వుంటుంది.

నేను కట్టిన లెక్క కాగితాలు రెండూ నాన్నగారి దగ్గరే వున్నాయి. మావయ్య ఇంకా ఫ్లాటు మాటే అంటున్నాడు. అన్నయ్య మాత్రం ఫోనులో, "నెలకు ఇరవై మూడు వేలు ఇరవై ఏళ్ళపాటు నేను కట్టాలని నాకు ఎవరూ చెప్పలేదురా" అన్నాడు. ఏ సంగతీ తేలలేదు గాని, ఇప్పుడు మా ఇంట్లో జరిగే వాదన అంకెల మీద జరుగుతోంది.

మిత్రులారా! రేపు మనలో చాలామందిమి ఉద్యోగాల్లో చేరతాం. మన జీతం చీటీ మీద మన ఇంట్లో పెద్దలు, బంధువులు ఇలాంటి బేరాలు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. అప్పుడు మనం చేయవలసింది కాదనటమూ కాదు, తలవూపటమూ కాదు. ఒక తెల్లకాగితం తీసుకుని నికర అద్దె ఎంతో రాసి, దాన్ని లక్షకు పడే కిస్తీతో భాగించి, ఆ ఇల్లు మోయగలిగిన అప్పు ఎంతో పెద్దలకు చూపించటం. మన తాతలు చెమటోడ్చి సంపాదించిన నేలను అమ్మేముందు ఆ ఒక్క భాగాహారం చేయమని నా మనవి.